పద్నాలుగు హ్యాడ్‌ల ఉత్తరం: ఒక నర్సుతో పాస్ట్ పర్ఫెక్ట్ పాఠం

నేపథ్యం

విదేశాలకు వెళ్ళాలనుకునే నర్సులకు ఇంగ్లీషు నేర్పడం నా పని. ఈ కేసులోని మనిషి ఎవరో తెలియకుండా ఊరు, వార్డు, కుటుంబం వివరాలు మార్చాను. ఇందులో కనిపించే రోగులందరూ పాఠం కోసం కల్పించినవాళ్ళో, గుర్తుపట్టలేనంతగా మార్చినవాళ్ళో. భాషలో దొర్లిన తప్పులను మాత్రం దొర్లినవి దొర్లినట్టే ఉంచాను. వాటిలో కొన్ని నావి.

ఆమెను ఇక్కడ సిస్టర్ అంటాను. క్లాసులోనూ అలాగే పిలిచేదాన్ని. పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఆ తర్వాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా, ఆపైన ఎనిమిదేళ్ళ వార్డు అనుభవం. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఓఈటీ అనే, వైద్యరంగంలో పనిచేసేవారి కోసం పెట్టే ఇంగ్లీషు పరీక్ష రాసింది. వినడం, చదవడం, మాట్లాడడం మూడింటిలోనూ 350 దాటి బి గ్రేడు వచ్చింది. రాయడంలో 270 దగ్గర ఆగిపోయింది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రాతకు మాత్రం కాస్త సడలింపు ఇచ్చి 300 వచ్చినా అంగీకరిస్తుంది. అంటే ముప్పై తక్కువైంది. ఎందుకు తక్కువైందో ఫలితం కాగితం చెప్పదు. అందుకే నా దగ్గరికి వచ్చింది.

ఓఈటీ రాత పరీక్ష గురించి తెలియనివారికి రెండు మాటలు. మొత్తం 45 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు కేస్ నోట్స్ చదవడానికే. మిగతా నలభైలో మరో డాక్టరుకో నర్సుకో 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయాలి. నోట్స్ తేదీల వారీగా, ముక్కలు ముక్కలుగా ఉంటాయి. క్రియలు దాదాపు ఉండవు. వాటిని వాక్యాలుగా మార్చి, అక్కర్లేనిది వదిలేసి, అందుకునేవారికి ముందుగా కావలసింది ముందు పెట్టాలి. నోట్స్ వరసలోనే ఉత్తరం నడిపితే సాధారణంగా మంచి ఉత్తరం కాదు. ఈ సంగతి కేసు మొత్తానికీ కీలకమని నాకు ఆరు వారాల తర్వాత అర్థమైంది.

వచ్చిన సమస్య

మొదటి రోజు రాయించిన ఉత్తరంలో హ్యాడ్ అనే మాట పద్నాలుగు చోట్ల ఉంది. మచ్చుకు నాలుగు వాక్యాలు: “ద పేషెంట్ హ్యాడ్ అడ్మిటెడ్ ఆన్ మండే. షీ హ్యాడ్ కంప్లెయిన్డ్ ఆఫ్ ఫీవర్. షీ హ్యాడ్ గివెన్ ఇంజెక్షన్. షీ హ్యాడ్ ఇంప్రూవ్డ్.”

ఇందులో రెండు జబ్బులు కలిసి ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి.

మొదటిది కర్మణి ప్రయోగం లేకపోవడం. “హ్యాడ్ అడ్మిటెడ్” అంటే రోగి ఏదో నేరం ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. “హ్యాడ్ గివెన్ ఇంజెక్షన్” అంటే రోగే ఎవరికో సూది వేసినట్టు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో ఊహించడం కష్టం కాదు. మనం “సోమవారం అడ్మిట్ అయ్యారు” అంటాం. తెలుగులోకి వచ్చిన అడ్మిట్ అనే మాటకు ‘అవ్వు’ తోడై, రోగి తనంతట తాను చేసిన పనిలా మారిపోయింది. ఇంగ్లీషులో మాత్రం ఆసుపత్రివాళ్ళు రోగిని చేర్చుకోవాలి. ఆ తేడా చెప్పి, అడ్మిట్, డిశ్చార్జ్, రిఫర్, గివ్, ప్రిస్క్రైబ్ వంటి పది క్రియలకు వాక్యాలు రాయిస్తే వారంలో దారిలో పడింది. దాని గురించి ఇక్కడ ఇంతకంటే అక్కర్లేదు.

రెండోది అసలు కేసు. ప్రతి క్రియ ముందూ హ్యాడ్ ఎందుకు?

దిద్దే ముందు అడగడం నా అలవాటు. “ఇక్కడ హ్యాడ్ ఎందుకు పెట్టారు సిస్టర్?” అన్నాను.

“జరిగిపోయింది కదా మేడమ్. పెట్టకపోతే ఇంకా జరుగుతున్నట్టు ఉంటుంది.”

కాసేపాగి ఇంకో మాట కూడా అంది. “హ్యాడ్ ఉంటే ఉత్తరం కాస్త హుందాగా ఉంటుందనిపించింది.”

ఈ రెండు జవాబులనూ డైరీలో రాసుకున్నాను. ఒకటి వ్యాకరణం, రెండోది మర్యాద. లాస్ట్ వీక్ తిరుపతికి “హ్యాడ్ గాన్” అని మన ఆఫీసుల్లో రోజూ వింటాం. అక్కడ హ్యాడ్ చేసే పని ఏమీ లేదు. పొడి మాటకు కండువా కప్పినట్టు ఉంటుందంతే.

మొదటి ప్రయత్నం: బోర్డు మీది సూత్రం

నేను ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తూ వచ్చిన సూత్రాన్నే మళ్ళీ రాశాను. గతంలో రెండు పనులు జరిగితే ముందు జరిగినదానికి హ్యాడ్, వీ త్రీ (గాన్, గివెన్ వంటి మూడో రూపం). ఇదే పాస్ట్ పర్ఫెక్ట్. తర్వాత జరిగినదానికి వీ టూ (వెంట్, గేవ్ వంటి రెండో రూపం), అంటే సింపుల్ పాస్ట్. ఉదాహరణ కూడా అందరికీ తెలిసిన రైలే. నేను స్టేషన్ చేరే ముందే రైలు వెళ్ళిపోయింది.

ఈ దారి ఎంచుకోవడానికి నాకున్న కారణం ఇది. ఆమెకు వీ త్రీ రూపాలు కంఠస్థం, సూత్రం చెబితే ఇట్టే పట్టుకుంటుంది, పరీక్షకు రెండు నెలలే ఉంది. ఇరవై వాక్యాల అభ్యాసం ఇచ్చాను. ఇరవైకి ఇరవై. మర్నాడు ఉత్తరం రాయిస్తే పదకొండు హ్యాడ్‌లు.

ఆ ఉత్తరాన్ని ఇంటికి తెచ్చుకుని సూత్రం చేతిలో పెట్టుకుని ఒక్కో వాక్యం చూశాను. అప్పుడు కనిపించింది. రోగి చేరింది, పరీక్షలకు ముందు. పరీక్షలు, మందుకు ముందు. మందు, జ్వరం తగ్గడానికి ముందు. జ్వరం తగ్గడం, డిశ్చార్జికి ముందు. నా సూత్రం ప్రకారం చివరి పని తప్ప మిగతావన్నీ ‘ముందు జరిగినవే’. అన్నిటికీ హ్యాడ్ రావలసిందే. ఆమె నా మాట తు.చ. తప్పకుండా పాటించింది.

సూత్రం రైలు వాక్యం దగ్గర పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ ఉన్నవి రెండే పనులు. అందులోనూ ‘బిఫోర్’ అనే మాట వరసను ముందే చెప్పేసింది కాబట్టి అక్కడ హ్యాడ్ తీసేసినా అర్థం చెడదు. అవసరం లేని చోట అవసరాన్ని నేర్పే ఉదాహరణను ఇన్నేళ్ళు వాడాను.

రెండో ప్రయత్నం: ‘వచ్చియుండెను’

మాతృభాషలో కొక్కెం ఉంటే నిలుస్తుందనుకున్నాను. పాత తెలుగు–ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో ప్రతి టెన్స్‌కూ ఒక తెలుగు రూపం ఇచ్చేవారు. కేమ్ అంటే వచ్చెను, హ్యాజ్ కమ్ అంటే వచ్చియున్నాడు, హ్యాడ్ కమ్ అంటే వచ్చియుండెను. ఆ పట్టిక వేసి చూపించాను.

“డాక్టరుగారు వచ్చియుండెను” అని ఒకసారి పైకి చదివి నవ్వింది. “మా తాతగారు కూడా ఇలా మాట్లాడరు మేడమ్.”

నిజమే. మనం ఈ మూడింటికీ ‘వచ్చారు’ అనే అంటాం. నోటికి రాని రూపాన్ని కొక్కెంగా ఇస్తే ఆమె నేర్చుకోవలసిన పరాయి భాషలు రెండయ్యాయి. రెండు రోజుల్లో దాన్ని పక్కన పెట్టాను. అయితే తెలుగులో వెతకాలన్న ఆలోచన తప్పు కాదు. నేను క్రియ చివర వెతికాను. అది ఉన్నది వేరే చోట.

మూడో ప్రయత్నం: నిషేధం

ఇక రెండు వారాల పాటు హ్యాడ్ రాయొద్దన్నాను. చూడటానికి మొరటుగా ఉన్నా దీని వెనక లెక్క ఉంది. వరసగా చెప్పుకుపోయే కథనానికి సింపుల్ పాస్ట్ చాలు. వచ్చింది, చూశారు, ఇచ్చారు, తగ్గింది. ఒకదాని తర్వాత ఒకటి పేర్చినప్పుడు వరసే కాలాన్ని చెబుతుంది. హ్యాడ్ ఎక్కువైతే చదివేవారికి అడుగడుగునా వెనక్కి తిరిగి చూడవలసి వస్తుంది. తక్కువైతే చాలా చోట్ల ఎవరూ గమనించరు.

ఉత్తరాలు తేలికపడ్డాయి. వాక్యాలు పొట్టివయ్యాయి. అక్కడితో ఆగిపోదామని గట్టిగానే అనిపించింది. ఆమెకు కావలసింది 300, అది వచ్చేలాగే ఉంది. అలా ఆగనివ్వనిది ఒక్క ఉత్తరం.

ఆ రోజు ఇచ్చిన నోట్స్‌లో ఒక వృద్ధురాలు ఉంది. ఉదయం ఎనిమిదింటికి ఇంట్లో కొడుకు పారాసిటమాల్ ఇచ్చాడు. తొమ్మిదిన్నరకు క్లినిక్‌లో చూస్తే 37.4 డిగ్రీలు, అంటే మన లెక్కలో 99 పైచిలుకు. సిస్టర్ ఉత్తరంలో రోగి స్థితిని ముందు పెట్టింది, అది సరైన పనే. తర్వాత మందు సంగతి రాసింది: “హర్ టెంపరేచర్ వాజ్ 37.4. హర్ సన్ గేవ్ పారాసిటమాల్.”

“ఈ ఉత్తరం అందుకున్న డాక్టరు మీరే అనుకోండి. ఏమనుకుంటారు?” అని అడిగాను.

చదివింది. “జ్వరం పెద్దగా లేదు, అయినా కొడుకు మాత్ర వేశాడు అనుకుంటాను.” వెంటనే ముఖం మారింది. “అయ్యో, మాత్ర వేశాక కూడా 37.4 ఉందన్న సంగతి పోయింది మేడమ్. మందు కింద ఎంత జ్వరం ఉందో తెలియదు కదా.”

ఇన్నాళ్ళూ హ్యాడ్ ఆమెకు ఇంగ్లీషు టీచరు గొడవ. ఆ నిమిషంలో వార్డు గొడవ అయింది. నిషేధం ఎత్తేశాను. కానీ ఎత్తేసి దాని స్థానంలో ఏం పెట్టాలో నాకింకా తెలియదు.

ఏది పనిచేసింది

మూడు రోజుల తర్వాత నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ స్థితిలో ఉత్తరం రాయించడం దండగ అనిపించి రాత్రి ఎలా గడిచిందని అడిగాను. తెలుగులో చెప్పింది.

“రెండింటికి ఆరో బెడ్ ఆయన బెల్ కొట్టారు మేడమ్. నేను వెళ్ళేసరికి క్యాన్యులా పీకేసుకున్నారు. సెలైన్ అంతా మంచం మీదే. డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను. అప్పటికే ఆయన ఐసీయూలోకి వెళ్ళిపోయారు.”

క్యాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పినది చెప్పినట్టు బోర్డు మీద తెలుగులోనే రాశాను. కొట్టారు, పీకేసుకున్నారు, చేశాను, వెళ్ళిపోయారు. నాలుగు క్రియలూ ఒకే అచ్చు. అయినా ఏది ముందు, ఏది తర్వాత అన్న అనుమానం వినేవాళ్ళకు రాదు. వరసను మోస్తున్నది ‘వెళ్ళేసరికి’, ‘అప్పటికే’.

‘వెళ్ళేసరికి’ చెరిపి ‘వెళ్ళగానే’ అని రాశాను. “ఇప్పుడు?”

“అదేమిటి మేడమ్, నా ముందే పీకేసుకున్నట్టు అవుతుంది. నేను ఆపలేదా అని అడుగుతారు.”

ఈ కేసులో నేను నేర్చుకున్నది ఈ రెండు మాటల మధ్య ఉంది. ఇంగ్లీషులో ఈ రెంటికీ మామూలుగా వాడేది ఒకే మాట, ‘వెన్’. “వెన్ ఐ రీచ్డ్ హిమ్, హి పుల్డ్ అవుట్ ద క్యాన్యులా” అంటే వెళ్ళగానే. “వెన్ ఐ రీచ్డ్ హిమ్, హి హ్యాడ్ పుల్డ్ అవుట్ ద క్యాన్యులా” అంటే వెళ్ళేసరికి. తెలుగు ఆ గుర్తును ‘వెళ్ళు’ మీద పెడుతుంది, ఇంగ్లీషు ‘పీకు’ మీద పెడుతుంది. మనకు లేని ఆలోచనను ఇంగ్లీషు కొత్తగా అడగడం లేదు. మన దగ్గర ఉన్నదాన్నే వాక్యంలో ఇంకో చోట పెట్టమంటోంది. నేను ‘వచ్చియుండెను’ కోసం క్రియ చివర తవ్వుతున్నప్పుడు అది పక్క క్రియకు అంటుకుని ఉంది.

తర్వాతి ప్రశ్న దానంతట అదే వచ్చింది. “క్యాన్యులా సంగతి ఎక్కడ నిలబడి చెబుతున్నారు?” మంచం పక్కన, అంది. “డాక్టరు సంగతి?” ఫోన్ దగ్గర. నిలబడిన చోటి నుంచి వెనక్కి చూసి చెప్పే పనికి హ్యాడ్. నిలబడిన చోటు నుంచి ముందుకు నడుస్తూ చెప్పే పనికి అక్కర్లేదు. ఎంత పాతది, ఎంత పూర్తయింది అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు.

ఇదేమీ నా కనుగోలు కాదు. 1947లోనే హాన్స్ రైఖెన్‌బాఖ్ అనే తత్త్వవేత్త క్రియాకాలాలను మూడు బిందువులతో వివరించాడు: మాట్లాడే సమయం, పని జరిగిన సమయం, ఏ సమయం నుంచి చూస్తున్నామో ఆ సమయం. సింపుల్ పాస్ట్‌లో చివరి రెండూ ఒకటే. పాస్ట్ పర్ఫెక్ట్‌లో మూడూ వేర్వేరు. ఎం.ఏ.లో ఇది చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను. నా సూత్రంలో మాత్రం మూడో బిందువు లేదు. రెండు పనులనే పోలుస్తూ వచ్చాను.

ఆ వారం నుంచి పద్ధతి మార్చాం. నోట్స్ చదివాక ముందు తెలుగులో హ్యాండోవర్ చెప్పాలి, డ్యూటీ మారే సిస్టర్‌కు చెప్పినట్టే. ఎక్కడ సహజంగా ‘అప్పటికే’ గానీ ‘ఏసరికి’ గానీ వస్తుందో అక్కడ పెన్సిల్‌తో ఒక గీత. లేదు అనే వాక్యమైతే ‘అప్పటికి ఇంకా’. ఆ గీతలున్న చోటే హ్యాడ్‌కు అనుమతి. పారాసిటమాల్ ఉత్తరం మళ్ళీ రాసినప్పుడు గీత ఒక్కటే పడింది: “హర్ సన్ హ్యాడ్ గివెన్ హర్ పారాసిటమాల్ ఎట్ 8 ఏఎం.”

ఇంకో సంగతి కూడా కుదిరింది. రోగి పాత చరిత్రకు ఒక పేరా రాయవలసి వస్తే, మొదటి క్రియకు హ్యాడ్ పెట్టి తలుపు తీస్తే చాలు. లోపలికి వెళ్ళాక మిగతా క్రియలు సింపుల్ పాస్ట్‌లో నడుస్తాయి, ఎందుకంటే ఇప్పుడు నిలబడిన చోటే మారింది. అడుగడుగునా హ్యాడ్ వేయడం, ఇంట్లో ఉన్న మనిషి గదిగదికీ వీధి తలుపు తట్టడం లాంటిది. ఈ పోలిక ఆమెకు నచ్చింది. హ్యాడ్ ఎక్కువైనప్పుడు “మళ్ళీ తలుపు తట్టాను” అని తనే కొట్టేసుకునేది.

గీటురాయి ఎక్కడ తప్పింది

ఇంత బాగున్న ‘అప్పటికే’ గీటురాయి పది రోజుల్లో దెబ్బతింది. దెబ్బతీసింది సిస్టరే. “అప్పటికే ఆమెకు షుగర్ ఉంది” అని తెలుగులో అనుకుని, గీత పెట్టి, ఇంగ్లీషులో “షీ హ్యాడ్ హ్యాడ్ డయాబెటిస్” అని రాసింది. పద్ధతి ప్రకారం ఆమె చేసింది సరైనదే. ఇంగ్లీషులో అలాంటి వాక్యం ఉంటుంది కూడా. కానీ ఇక్కడ షుగర్ పోలేదు, ఆ రోజూ ఉంది.

కూర్చుని తేల్చుకున్నాం. వెనక్కి చూసినప్పుడు కనిపించేది అక్కడే ముగిసిన పని అయితే హ్యాడ్. మనం నిలబడిన చోటు వరకు పరుచుకుని ఉన్న స్థితిని ఊరికే పేర్కొనేటప్పుడు సింపుల్ పాస్ట్: “షీ ఆల్రెడీ హ్యాడ్ డయాబెటిస్.” ఎంత కాలంగా అన్నది చెప్పాలంటే మళ్ళీ హ్యాడ్ కావాలి. “అప్పటికే మూడేళ్ళుగా మాత్రలు వాడుతున్నారు” అంటే “హ్యాడ్ బీన్ టేకింగ్”. దీనికి ఒక తెలుగు తూనికరాయి దొరకలేదు. ‘ఉంది’ కనిపిస్తే ఆగి ఆలోచించాలి అనే హెచ్చరికతో సరిపెట్టాను.

రోగి చెప్పిన మాటలను రాయడం దగ్గర మాత్రం గీటురాయి నిలబడింది. “మాత్రలు మానేశానని చెప్పారు.” తెలుగులో రోగి నోటి మాటే లోపల అలా ఉండిపోతుంది, ‘మానేశాను’ అని. ఇంగ్లీషులో దాన్ని వెనక్కి నెట్టాలి: “షీ సెడ్ షీ హ్యాడ్ స్టాప్డ్ ద టాబ్లెట్స్.” చెప్పే సమయానికి అప్పటికే మానేశారు కదా, అంతే. ఇక “ముందే చెప్పి ఉంటే” తరహా వాక్యాలు నేను నేర్పకుండానే సరిగ్గా రాసింది. అక్కడ తెలుగు క్రియ చివర ‘ఉంటే’ ఉంది కాబట్టి కొక్కెం సిద్ధంగా దొరికింది.

ఫలితం

ఓఈటీ రెండోసారి రాసినప్పుడు రాతలో 320 వచ్చింది. ఈ యాభై పెరుగుదలను హ్యాడ్ ఖాతాలో వేయలేను. కర్మణి ప్రయోగం సర్దుకుంది, ఉత్తరం అమరిక మెరుగైంది, అనవసరమైన వివరాలు వదిలేయడం వచ్చింది. పరీక్షలో ఆరు కొలమానాలున్నాయి, భాష వాటిలో ఒకటి. అయితే ఒక గమనిక రాసుకున్నాను. వరస మార్చి రాసే ధైర్యం హ్యాడ్ అర్థమయ్యాకే వచ్చింది. అంతకుముందు కాలక్రమం తప్పితే దారి తప్పుతానన్న భయంతో నోట్స్‌లో ఉన్న తేదీల వెంటే నడిచేది.

మాట్లాడేటప్పుడు ఇప్పటికీ “ఐ హ్యాడ్ గాన్ టు చర్చ్ ఎస్టర్డే” అంటుంది. దిద్దలేదు. అర్థం చెడదు, ఎవరికీ హాని లేదు. రాతలో దిద్దిన ప్రతిదాన్నీ నోటి దగ్గర కూడా దిద్దితే మాట్లాడడమే మానేసిన వాళ్ళను చూశాను.

నా పాఠంలో మార్చినవి

రైలు వాక్యాన్ని తీసేశాను. సూత్రాన్ని మొదటి రోజు చెప్పడం మానేశాను. ఇప్పుడు ముందు హ్యాడ్ లేకుండా వరసగా కథ చెప్పించి, తర్వాత అదే కథను మధ్యలోంచి మొదలుపెట్టమంటాను. మధ్యలోంచి మొదలుపెట్టినప్పుడు వెనక్కి చూడవలసిన అవసరం దానంతట అదే వస్తుంది. హ్యాడ్ అప్పుడు అడుగుతారు. అడిగాక ఇస్తాను. ఖాళీలు పూరించే అభ్యాసాల్లో ఇరవైకి ఇరవై వచ్చినా దాన్ని ఫలితంగా లెక్కపెట్టడం లేదు. వాక్యంలో ఖాళీ ఎక్కడుందో చూపించడంతోనే సగం పని మనం చేసేస్తున్నాం. హ్యాడ్ కావాలా వద్దా అని నిర్ణయించడమే కష్టమైన భాగం, అది ఆ కాగితం మీద లేదు.

ఈ మధ్య హైదరాబాదు నుంచి ఇంకో సిస్టర్ చేరింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. ఆమె ఉత్తరంలోనూ హ్యాడ్‌లు దండిగా ఉన్నాయి. ‘అప్పటికే’ గీటురాయి ఇచ్చాను. తలూపింది, ఉత్తరం మారలేదు. నిన్న ఏం చేశారని ఉర్దూలో చెప్పమంటే “కల్ మై బాజార్ గయీ థీ” అంది, నిన్న నేను బజారుకు వెళ్ళాను అని. అక్కడ క్రియ పక్కనే, హ్యాడ్ లాగా గతాన్ని చెప్పే ‘థీ’ ఉంది, వెనక్కి చూడవలసిన పని లేకపోయినా వస్తోంది. మొదటి సిస్టర్‌కు క్రియ మీద గుర్తు పెట్టడం నేర్పవలసి వచ్చింది, ఈమెకు తీయడం నేర్పాలి. వచ్చే వారం ఆమె చేత కూడా హ్యాండోవర్ చెప్పించి రికార్డు చేసుకోవాలనుకుంటున్నాను, ఈసారి ఉర్దూలో.